రేకు వెనకవైపు

"వదినా, చెక్క తెచ్చాను. రేకు ఇటిస్తే ఇక్కడే బిగించేసి వెళ్ళిపోతాను," అంటూ వడ్రంగి సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

షాపు ముందుగదిలో ఆమె ఒక్కతే ఉంది. పరుగుపందెం వాళ్ళ కప్పులు వరసగా పెట్టుకుని తుడుస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఏం చెక్క? నేను నీకే ఆర్డరూ ఇవ్వలేదే."

"మీరివ్వలేదు. అన్నయ్య ఇచ్చాడు."

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. వడ్రంగి అన్నయ్య అనేది ఆమె భర్తని. ఆయన చలికాలంలో పోయాడు. ఇదే షాపులో, ఆ కిటికీ పక్క కుర్చీలో, చేతిలో సన్న ఉలి పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల వాల్చేశాడు. ఇప్పుడు ఎండలు ముదిరాయి.

"నిజానికి ఎప్పుడో ఇవ్వాల్సింది," వడ్రంగి మొహమాటంగా అన్నాడు. "కాలు విరిగి కూతురింట్లో పడున్నాను కదా. కదిలితే అరిచేది, కదలకపోతే తిట్టేది. మొన్నే విడుదలయ్యాను."

సంచీలోంచి చిన్న చెక్క తీశాడు. నల్లగా, నున్నగా, అరచేతిలో ఇమిడేలా ఉంది. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో గాడి. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఇంత ముచ్చటైన పని షాపు సరుక్కి ఎవరూ చేయించరు.

"ఇది ఎవరికట?"

"మీ ఇంటికే. 'ఇది అమ్మకానికి కాదురా, జాగ్రత్తగా చెయ్యి' అన్నాడు. దీని గాడిలో పెట్టే ఇత్తడి రేకు కూడా చూపించాడు. పైన జ్ఞాపిక అని, కింద మిరియం అని. అంతే. తేదీ లేదు, ఇంటి పేరు లేదు. ఆ అక్షరాలు చూస్తే, వదినా, ముట్టుకోబుద్ధేసింది."

చెక్క ఆమె చేతిలోంచి జారి కప్పుల మధ్య పడింది. ఒక కప్పు దొర్లుకుంటూ వెళ్ళి నేల మీద ఖంగుమంది. ఇద్దరూ దాన్ని తియ్యలేదు.

మిరియం ఆమె కూతురు. బడిలో వేరే పేరుండేది గానీ ఇంట్లో, వీధిలో అందరికీ మిరియమే. చిన్నది, నల్లది, నోట్లో వేసుకుంటే మంట. జ్వరం వచ్చిందని మంచం ఎక్కిన పిల్ల మళ్ళీ దిగలేదు. అప్పటికి రెండో తరగతి.

ఆ పిల్లకి షాపంటే ప్రాణం. బోర్డు మీద మాటలు కూడబలుక్కుని చదివేది. ఒకరోజు తల్లిని అడిగింది, జ్ఞాపిక అంటే ఏమిటని. "మనం అమ్మేది," అంది తల్లి, లెక్క చూసుకుంటూ. అది అబద్ధం కాదు. ఆ షాపులో ఆ మాట అర్థం అదే. జ్ఞాపికలు పెద్దవి, మధ్యవి, చిన్నవి. అద్దానివి, చెక్కవి. మీకెన్ని పీసులు కావాలి? పిల్ల తండ్రి దగ్గరికి వెళ్ళి అదే అడిగింది. ఆయన ఉలి పక్కన పెట్టాడు. "ఎవరైనా నీకిచ్చి వెళ్ళిపోయారనుకో. దాన్ని చూస్తే వాళ్ళు ఇంకా గదిలోనే ఉన్నట్టుంటుంది. అదీ జ్ఞాపికంటే," అన్నాడు. మర్నాటి నుంచి మిరియం ఒక రేకు డబ్బాలో తన జ్ఞాపికలు దాచుకోవడం మొదలుపెట్టింది. బడి మారిపోయిన స్నేహితురాలి రబ్బరు ముక్క, తాతయ్య చొక్కా బొత్తం, ఇంకా ఏవేవో.

పిల్ల పోయాక ఒక మధ్యాహ్నం ఆమెకి పిచ్చెత్తినట్టయింది. గౌన్లు, చెప్పులు, బడిసంచీ, ఆ డబ్బా, చివరికి గోడ మీద ఫొటోలు కూడా మూటగట్టి చెత్తబండి వాడికి ఇచ్చేసింది. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. "ఈ ఇంట్లో ఒక్క గుర్తు కనిపించినా నేను బతకను," అందామె. ఆయన సరేనన్నాడు. ఆ సరే మీదే మిగతా కాపురమంతా గడిచింది. మిరియం పేరు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఆయన పోయాక మాత్రం రాత్రీ పగలూ ఆమె చేతులు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. ఆయన గుర్తుగా పాత ఉలి ఉంది, కళ్ళజోడు ఉంది. పిల్లది? గాలించినా గాజు పెంకు కూడా దొరకలేదు. తను అంత శుభ్రంగా ఊడ్చేసింది.

ఇప్పుడు ఒకటుందట. ఆయన చేత్తో చెక్కిన మిరియం.

ఆమె కిటికీ పక్క బల్ల సొరుగు లాగింది. ఖాళీ. అడుగున ఇత్తడి పొడి తప్ప ఏమీ లేదు. ఎందుకు ఖాళీయో అప్పుడు గుర్తొచ్చింది. కొత్త ఇత్తడి కొనొద్దు, మీ బావ సొరుగులో పాతవి బోలెడున్నాయి, ముందవి తగలెయ్యి అని తమ్ముడికి చెప్పింది తనే.

"ఒరేయ్!" అని కేక పెట్టింది.

లోపల గదిలోంచి తమ్ముడు వచ్చాడు. చెవిలో ఫోను తాలూకు తీగ, చేతిలో సగం తిన్న బిస్కెట్టు. పేర్లు చెక్కే యంత్రం వాడి శాఖ. బావ పోయాక చేతిపని పోయి, అన్నీ యంత్రం మీదే.

"ఏంటక్కా, కప్పు పడేశావా? పోన్లే, రెండో బహుమతిదేగా."

"ఈ సొరుగులో కోడిగుడ్డు ఆకారం రేకు ఒకటుండాలి. ఏదిరా?"

"అదా. వాడేశాంగా. అటువంటిది ఒక్కటే ఉంది. ఆఫీసులో లిఫ్టు నడిపి రిటైరవుతున్నాడే, ఆ లిఫ్టాయన షీల్డుకి పెట్టాం. పొద్దున వాళ్ళ ఆఫీసు మనిషొచ్చి పట్టుకెళ్ళాడు."

"దాని మీద మీ బావ చెక్కిన అక్షరాలు ఉన్నాయిరా!"

"ఉంటే ఉంటాయి. టేపు వేసిన ముఖం కదా," అన్నాడు తమ్ముడు. తర్వాత అక్క మొహం, వడ్రంగి మొహం చూసి బిస్కెట్టు కిందపెట్టాడు.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. రేకు మీద పేరు చెక్కుతుంటే చెయ్యి జారి తప్పు పడిందనుకోండి, ఆ రేకుని పారెయ్యరు. తప్పు పడిన ముఖం మీద కాగితపు టేపు వేసి సొరుగులో పడేస్తారు. టేపు ఉన్నవైపు చెడిన ముఖమని గుర్తు. తర్వాత రెండోవైపు కొత్త పేరు చెక్కి, చెడిన ముఖం లోపలికి పోయేలా చెక్కకి అంటిస్తారు. బాగా వచ్చిన రేకులకి టేపు వెయ్యరు, మెత్తటి గుడ్డలో చుట్టి పెడతారు. ఈ పద్ధతి పెట్టింది ఆయనే.

మరి మిరియం రేకుకి ఆయన టేపు ఎందుకు వేసినట్టు? అది ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. గుడ్డ చుట్టి ఉంటే ఏమిటా అని ఆమె విప్పి చూసేది. టేపు వేసి ఉంటే చెత్తనుకుని వదిలేసేది. ఆయన దాచింది దొంగల నుంచి కాదు, ఆమె నుంచి.

"పద," అంది.

"ఎక్కడికి?"

"దాని కోసం. ఆయన సన్మాన సభ సాయంత్రం కదా. ఈలోగా ఏదో ఒక ఇత్తడి ముక్క అదే కొలతకి కోసి, అదే పేరుతో ఇంకో రేకు చెయ్యి. అక్కడికి వెళ్ళి మార్చేద్దాం. జిగురు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు."

తమ్ముడు కదల్లేదు. తల గోక్కున్నాడు. "అక్కా, వెళ్ళిపోయింది వెళ్ళిపోయింది. వదిలెయ్యరాదూ?"

"వదిలెయ్యనా? నీ ఫోను కాసేపు కనపడకపోతే ఇల్లంతా తిరగేస్తావు, నన్ను వదిలెయ్యమంటున్నావా?"

"అది కాదక్కా…"

"ఏది కాదో దార్లో చెప్పు. ముందు యంత్రం ఎక్కించు."

వాడు యంత్రం ఎక్కించాడు. ఎంత నెమ్మదిగా అంటే వడ్రంగికి కూడా విసుగొచ్చింది. "ఏంటయ్యా ఆ పెళ్ళినడక? చేతులకి గోరింటాకు పెట్టుకున్నావా?" అన్నాడు. తమ్ముడు బదులు చెప్పలేదు. మామూలుగా మాటకి నాలుగు మాటలు అప్పజెప్పే రకం. ఆమె అది గమనించలేదు. ఆమె అప్పటికే సంచీలో జిగురు గొట్టాలు, పలచటి చాకు, గరుకు కాగితం వేసుకుని రోడ్డు మీద నిలబడింది.

స్కూటరు మీద వెనక కూర్చుని తమ్ముడి భుజాన్ని పట్టుకుంది. కూడళ్ళలో ఎర్రదీపం పడినప్పుడల్లా ఆ పట్టు బిగుసుకుంది.

"అక్కా, నా చొక్కా చిరిగిపోతుంది."

"కొత్తది కొనిస్తాను. పోనియ్యి."

"ఎర్రదీపం ఉంది."

"అది నాకూ కనపడుతోంది. పోనియ్యి."

ఆఫీసు అద్దాల మేడ. కింద లిఫ్టు ముందు జనం పోగయ్యారు. కొత్త లిఫ్టు, మనిషి అక్కర్లేని లిఫ్టు. అందరూ అన్ని మీటలూ ఒకేసారి నొక్కినట్టున్నారు, తలుపులు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉన్నాయి. "లిఫ్టాయన ఉంటే ఈ గోలుండేది కాదు, నిన్నటిదాకా ఉన్నాడు మహానుభావుడు," అని ఎవరో సణుగుతున్నారు. ఆమె మెట్ల వైపు పరిగెత్తింది. తమ్ముడు రెండో అంతస్తులో ఆగి రొప్పాడు. ఆమె ఆగలేదు.

హాల్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చేస్తున్నారు. వేదిక మీద బల్లకి కప్పిన గుడ్డ మడతపెడుతోంది ఒకావిడ.

"సభ ఇంకా మొదలవలేదా?" అడిగింది ఆమె, కళ్ళెదుట కనపడుతున్నది నమ్మకుండా.

"అయిపోయిందమ్మా. పెద్దసారుకి వేరే పనుందని ముందే కానిచ్చేశారు. రెండు ముక్కలు మాట్లాడి, చేతిలో షీల్డు పెట్టి, ఫొటో తీసి పంపించేశారు. పాపం ఆయన ఏదో మాట్లాడదామని జేబులో కాగితం కూడా తెచ్చుకున్నాడు. మైకు కట్టేశారు."

కింద కాపలా మనిషి ఇల్లు చెప్పాడు. "రంగుల కొట్టు పక్కసందు. కింద వాటా. మెట్లెక్కే అలవాటు లేదుగా మనిషికి," అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

సందు మొదట్లో స్కూటరు ఆపి తమ్ముడు దిగలేదు.

"అక్కా, ఒక్క మాట విను. ఆయనకి ఇచ్చేశారు. ఇప్పుడు వెళ్ళి పీకడం…"

"పీకడం లేదు. అదే పేరు, అదే రాత, అదే కొలత. కొత్తది పెడతాం. ఆయనకేం తగ్గదు. దిగు."

దిగాడు. తలుపు తెరిచే ఉంది. ముందుగదిలో లిఫ్టాయన స్టూలు మీద నిలబడి, షీల్డుని అల్మరా మీద పెట్టి, దిగి, దూరం నుంచి చూసి, మళ్ళీ స్టూలెక్కుతున్నాడు. పొట్టి మనిషి. సభకి వేసుకున్న కోటు ఇంకా విప్పలేదు.

"కాస్త ఎడమకి జరపండి," లోపల్నుంచి భార్య అంటోంది. "వచ్చినవాళ్ళకి ముందు అదే కనపడాలి. మీ మొహం తర్వాత చూస్తారు."

"ఎవరండీ?" అన్నాడాయన గుమ్మంలో వాళ్ళని చూసి.

"షీల్డులు చేసే షాపు వాళ్ళం బాబాయిగారూ," అంది ఆమె.

ఆయన మొహం వెలిగిపోయింది. "మీరు చేసిందేనా! రండి రండి. ఏమేవ్, దీన్ని చేసినవాళ్ళొచ్చారు!" అంటూ కుర్చీలు లాగాడు. "ఏం చెక్కారమ్మా, అద్దంలా ఉంది."

తమ్ముడి వంతు వచ్చింది. దార్లో అనుకున్న అబద్ధం వాడే చెప్పాలి. నేల చూపులు చూస్తూ చెప్పాడు. "అందులో చిన్న తప్పు పడిందండి. గీత ఒకటి సరిగా రాలేదు. వేరేది తెచ్చాం. మార్చేసి వెళ్ళిపోతాం."

లిఫ్టాయన షీల్డుని దించి, ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు తగిలించుకుని చూశాడు. "ఎక్కడయ్యా? నాకేం కనపడటం లేదు."

"మీకు కనపడదండి, అది పనివాళ్ళకే…"

"కనపడని తప్పుకి నాకేం బాధ లేదు. ఉండనియ్యి."

"ఇదీ అదే బాబాయిగారూ," ఆమె కొత్త రేకు తీసి ముందుకు చాపింది. "చూడండి. అచ్చం అదే. ఇంకా మెరుస్తోంది."

ఆయన రెంటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కొత్తదాన్ని ఆమె చేతిలోనే పెట్టేశాడు. గొంతులో కోపం లేదు.

"అమ్మాయీ, ఎన్నేళ్ళుగానో ఆ హాలుకి అట్టపెట్టెలు మోశాను. అన్నీ జ్ఞాపికలే. పదవీ విరమణ అని, ఉత్తమ ఉద్యోగి అని, అతిథిగారికని. ఎంతమంది జ్ఞాపికలు నా లిఫ్టులో పైకెళ్ళాయో నాకే తెలీదు. కిందకి నాది ఇదొక్కటే వచ్చింది. నాకు మాట్లాడే వీలు ఇవ్వలేదు గానీ చేతిలో దీన్నే పెట్టారు. ఫొటోలో ఉన్నది ఇదే. నువ్వు తెచ్చింది ఇంకా బాగుండొచ్చు. కానీ అది ఇది కాదు కదా."

ఆమె చేతిలోని కొత్త రేకుని చూసుకుంది. ఎన్ని వేల జ్ఞాపికలు అమ్మిందో. పగిలిపోయిందని ఎవరైనా వస్తే, అలాంటిదే ఇంకోటి ఇస్తాంలెండి అని నవ్వుతూ చెప్పేది. కొందరు తీసుకోకుండా ఆ పగిలినదాన్నే అతికించమని బతిమాలేవాళ్ళు. వీళ్ళకి బేరం చెయ్యడం రాదు అనుకునేది.

"బాబాయిగారూ, తప్పేం లేదు. మేం అబద్ధం చెప్పాం," అంది. "ఆ రేకు వెనకాల మా అమ్మాయి పేరుంది. మా ఆయన చెక్కాడు. ఇద్దరూ లేరు. వాళ్ళిద్దరూ కలిసున్నది ఇంకేదీ లేదు నా దగ్గర. పొరపాటున మీ దాంట్లోకి వచ్చేసింది."

లోపలి గుమ్మంలో ఆయన భార్య వచ్చి నిలబడింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ భర్త వైపు చూసింది. ఆయన భార్య వైపు చూశాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ నోటితో మాట్లాడుకోలేదు.

"అమ్మాయి పేరేమిటి?" అంది ఆవిడ.

ఆమె నోరు తెరిచింది. అన్నేళ్ళుగా పలకని మాట మొదటిసారి రాలేదు. రెండోసారికి వచ్చింది. "మిరియం… ఇంట్లో అలా పిలిచేవాళ్ళం."

లిఫ్టాయన షీల్డుని రెండు చేతులతో ఎత్తి ఆమెకి ఇచ్చాడు. "తీసుకో తల్లీ. నా పేరు ఎక్కడున్నా నా పేరే. తియ్యి."

ఆమె పలచటి చాకు అంచున దూర్చబోయింది. ఎక్కడా సందు దొరకలేదు. జిగురు అప్పటికే రాయైపోయింది. బలవంతం చేస్తే రేకు ముడుచుకుపోతుంది.

"వేడి తగిలితే వదులుతుంది. పిన్నిగారూ, ఇస్త్రీ పెట్టె ఉందా?"

"అక్కా, వద్దు."

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకా ఏంట్రా నీకు? ఆయనే ఇచ్చారుగా!"

"వద్దక్కా. తియ్యకు. అలా ఉండనియ్యి. లోపలుందని అనుకుంటూ ఉందాం."

"ఉందని అనుకోవడమేంటి? ఉంది. వడ్రంగి చూశాడు."

తమ్ముడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రేకు అంటించే ముందు వెనకాల గరుకు కాగితం పట్టాలి కదా. పట్టకపోతే జిగురు నిలవదు కదా. మన షాపులో ఆ పని ఎవరిదక్కా?"

ఆమె చేతిలోని చాకు కిందపెట్టింది.

ఆ పని ఆమెదే. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టింది. ఒళ్ళో చెక్కముక్క పెట్టుకుని, దాని మీద రేకు బోర్లించి, టేపు పీకి, గరుకు కాగితంతో నిలువూ అడ్డం రుద్దుతుంది. ఇత్తడి పొడి పడుతుందని కళ్ళజోడు తీసి పక్కన పెడుతుంది. చెడిన పేర్లు చదవదు. చదువుతూ కూర్చుంటే పని సాగదు. నిన్న సాయంత్రం కూడా అలాగే రుద్దింది. వీధిలో పోయే కూరలబండావిడతో కబుర్లు చెబుతూ రుద్దింది. ఒక రేకు చదరంగా కాకుండా కోడిగుడ్డులా ఉండి ఒళ్ళో నిలవక జారిపోతుంటే, బొటనవేలితో అదిమిపెట్టి, టేపు జిగురు వదలడం లేదని విసుక్కుని, మామూలు కంటే ఎక్కువే రుద్దింది.

"షాపులోనే తెలుసా నీకు?" అంది. ఆ గొంతు ఆమెదిలా లేదు.

"రేకు మాట ఎత్తగానే తెలిసింది. ఎలా చెప్పను? సభ అయిపోయి ఉంటే వదిలేస్తావనుకున్నా. ఈయన ఇవ్వకపోతే వదిలేస్తావనుకున్నా." వాడు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "బావ చెయ్యి ఆఖర్లో బలంగా ఆడేది కాదక్కా. గీతలు తేలిగ్గా పడేవి."

ఆమె షీల్డు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. లిఫ్టాయనకి గరుకు సంగతులు తెలీవు గానీ ఏం జరిగిందో అర్థమైంది. అర్థం కానట్టు కిటికీ బయటికి చూశాడు. ఆయన భార్య మాత్రం లోపలికెళ్ళి ఇస్త్రీ పెట్టె తెచ్చి, తీగ గోడకి గుచ్చింది.

"ఒక్క అక్షరమైనా మిగిలుంటే?" అంది ఆవిడ. "చూడకుండా వెళ్తే ఈ రాత్రి నిద్రపడుతుందా నీకు? చూడు తల్లీ. మళ్ళీ అంటించెయ్యొచ్చు."

తమ్ముడే పెట్టాడు. రేకు మీద తడిగుడ్డ వేసి, దాని మీద ఇస్త్రీ పెట్టె ఆనించాడు. ఆవిరి లేచింది. కాలిన జిగురు వాసన గదంతా కమ్మింది. కాసేపటికి అంచు ఒకచోట టిక్కుమని లేచింది. వాడు చాకు దూర్చి, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా పైకెత్తాడు. రేకు వంగకుండా వచ్చింది. చూడకుండానే అక్క చేతిలో పెట్టాడు.

ఇంకా వేడిగా ఉంది. ఆమె వదల్లేదు. గుమ్మం దగ్గరికి, వెలుతురులోకి పట్టుకెళ్ళింది. వేడికి మెత్తబడ్డ జిగురుని గోటితో ఒలిచింది. కళ్ళజోడు పెట్టుకుంది.

నిలువు గీతలు. అడ్డం గీతలు. ఒకదాని మీద ఒకటి, సందు లేకుండా, తన చేతి గీతలు. ఎంత బాగా రుద్దింది! పనిలో వంక పెట్టడానికి లేదు. జ్ఞాపిక అన్న మాట లేదు. మిరియం లేదు.

రేకుని అటు వంచింది, ఇటు వంచింది. వెలుగు ఏటవాలుగా పడినప్పుడు మధ్యలో ఒకచోట ఏదో మెరిసింది. కొసన వంపు తిరిగిన ఒక గీత. మి మీద గుడి కావచ్చు. ఆయన గుడి అలాగే తిప్పేవాడు, చివర చిన్నగా వదిలేసి. కాకపోతే బొటనవేలి కింద రేకు జారినప్పుడు గరుకు కాగితం పక్కకి పోయి గీసిన గీత కావచ్చు. అదీ అలాగే వంపు తిరుగుతుంది.

గోరు పెట్టి తడిమింది. లోతుగా ఉందా? ఉన్నట్టుంది. లేనట్టుంది. కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమింది. ఆయన ఉలి పక్కనే కూర్చుని బతుకంతా గడిపింది. పేర్లు లెక్కపెట్టింది, తుడిచింది, కట్టలు కట్టింది, అమ్మింది. ఆయన గీత ఎలా మొదలై ఎలా ముగుస్తుందో ఒక్కరోజైనా వేలు పెట్టి చూడలేదు. అది ఆయన చెక్కిందో, తను చెరిపిందో ఆమెకి తెలియలేదు.

"ఉందా అమ్మా?" వెనక నుంచి లిఫ్టాయన అడిగాడు. ఆ అడగడంలో ఉండాలన్న ఆశ నిజంగా ఉంది. ఆయన చేతిలో రేకు లేని చెక్క బోసిగా ఉంది.

ఉందంటే ఆయన ఇచ్చేస్తాడు. మారుమాట లేకుండా ఇచ్చేసి, కొత్తరేకు పెట్టించుకుని, వచ్చినవాళ్ళందరికీ అదే ఇదని చెప్పుకుంటాడు. ఆమె రేకుని గుప్పిట్లో బిగించింది. అంచులు అరచేతిలో దిగాయి. ఉంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదండి," అంది.

తిరిగొచ్చి తమ్ముడి పక్కన కింద కూర్చుంది. "ఇదే అంటించు."

తమ్ముడు కొత్తరేకు వైపు చూసి, అక్క వైపు చూసి, సంచీలోంచి జిగురు గొట్టాలు తీశాడు. రెంటినీ అట్టముక్క మీద పిండి పుల్లతో కలిపాడు. తర్వాత గరుకు కాగితం అందుకున్నాడు. ఆమె రేకు వెనక్కి లాక్కుంది.

"రుద్దొద్దు."

"పాత జిగురు ఉండిపోయింది కదక్కా. రుద్దకపోతే పట్టు దొరకదు. ఊడిపోతుంది."

"అంచులకి రాయి. మధ్యలో వద్దు."

"నాలుగు రోజులు కూడా నిలవదు."

ఆమె లిఫ్టాయన వైపు తిరిగింది. "బాబాయిగారూ, ఇది ఎప్పుడైనా ఊడి పడిందనుకోండి. మీరు అంటించుకోకండి. వేరేవాళ్ళ చేత అంటించకండి. నాకు కబురు పెట్టండి. నేనొచ్చి చేస్తాను."

"అలాగేనమ్మా."

"ఎప్పుడైనా సరే."

"అలాగే తల్లీ. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వను."

తమ్ముడు అంచుల చుట్టూ సన్నగా జిగురు రాశాడు. రేకుని చెక్క మీద ఆనించాడు. లిఫ్టాయన పేరు మళ్ళీ పైకి వచ్చింది, వేడికి కాస్త నల్లబడి. ఆరేదాకా ఎవరో ఒకరు అదిమి పట్టుకోవాలి. ఆమె రెండు బొటనవేళ్ళూ దాని మీద పెట్టింది.

వీధిలో చెప్పుల చప్పుడు. ఇరుగుపొరుగు షీల్డు చూడటానికి వస్తున్నారు. "ఏడండీ మా లిఫ్టు మహారాజు?" అని ఎవరో గుమ్మంలోంచే కేకేశారు. లోపలికొచ్చి, నేల మీద కూర్చున్న ఆమెని చూసి ఆగిపోయారు. లిఫ్టాయన వాళ్ళని పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పాడు. వాళ్ళు గొంతులు తగ్గించారు.

"ఆరింది అక్కా," తమ్ముడు మెల్లగా అన్నాడు. "ఇక వదిలెయ్యొచ్చు."

"ఇంకా లేదు," అంది ఆమె.

వాడు అంచు ముట్టుకుని చూశాడు. గట్టిగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని పక్కనే కూర్చున్నాడు. ఆమె వేళ్ళు తియ్యలేదు.